హెడ్‌లైట్ కొడితే ఏమని అర్థం?

(విజయవాడలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ, అమెరికాలో 14 ఏళ్లు కారు నడిపిన అనుభవం ఉందన్నారు. మా ఆయన ఇక్కడ లేరు కాబట్టి సరిపోయింది, ఉంటే గట్టిగా నవ్వేవారు. నిజం చెప్పాలంటే నేను బండి నడపడం మూడుసార్లు నేర్చుకున్నాను. మొదటిసారి కాలేజీ రోజుల్లో, ఇక్కడే బందరు రోడ్డు మీద, స్కూటీతో. రెండోసారి పెళ్లయి టెక్సాస్ వెళ్లాక, డల్లాస్‌లో, కారుతో. మూడోసారి తిరిగొచ్చాక మళ్లీ ఇక్కడే. ఈ మూడోదే అన్నిటికన్నా కష్టమైంది. ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది.

డల్లాస్‌లో మొదటి రోజు సంగతి చెబుతాను. ఆకాశం నీలంగా ఉంది, ఒక్క మబ్బు లేదు. నేను మలుపు దగ్గర ఇండికేటర్ వేశాననుకుని వైపర్లు వేశాను. పొడి అద్దం మీద అవి కిర్రుమని తిరుగుతున్నాయి. మన దగ్గర చాలా కార్లలో ఇండికేటర్ మీట స్టీరింగుకి కుడివైపు ఉంటుంది, అక్కడ ఎడమవైపు. పక్కన కూర్చున్న మా ఆయన, "వాన మొదలైందా?" అన్నారు. ఆ తర్వాత 14 ఏళ్లకి విజయవాడలో మే నెల ఎండలో అదే పని చేశాను, ఈసారి చేతులు తారుమారై. అప్పుడు పక్కన మా అమ్మాయి. అదే ప్రశ్న, తండ్రి పోలికే. (నవ్వులు)

కుడి, ఎడమల గురించి అందరూ భయపడతారు కానీ అది వారం రోజుల పని. వాళ్లు కుడివైపు వెళ్లడానికి పాత గుర్రపు బళ్లే కారణమని చెబుతారు. పెన్సిల్వేనియా ప్రాంతంలో పెద్ద సరుకు బళ్లు తోలేవాళ్లు ఎడమ గుర్రం మీద కూర్చుని కుడిచేత్తో కొరడా ఝుళిపించేవారట. ఎదురొచ్చే బండి ఎడమవైపు నుంచి పోతే చక్రానికి చక్రం తగలకుండా చూసుకోవచ్చు. 1792లో అక్కడ ఒక రోడ్డుకి చట్టం చేశారు, 1804లో న్యూయార్క్ చేసింది. మనకి ఇంగ్లీషువాళ్ల ఎడమ వచ్చింది. అంతే.

వాహనాలు ఉన్న రోడ్డు మీద ప్రమాదం తక్కువ, ఎందుకంటే ముందువాడి వెనకాలే పోతాం. ఖాళీ రోడ్డే మోసం చేస్తుంది. తెల్లవారుజామున పార్కింగు నుంచి బయటికొస్తే, మనసు ఇంకా పడుకునే ఉంటుంది కదా, చేతులు వాటికి తెలిసిన వైపే తిప్పుతాయి. నేను ఒకసారి అలా అరకిలోమీటరు రాంగ్ సైడులో పోయాను. ఎదురుగా ఎవరూ రాలేదు కాబట్టి ఇవాళ మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను. ఈ వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్లి కారు నడుపుదామనుకునే పెద్దవాళ్లు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. రోడ్డు దాటేటప్పుడు కూడా అంతే. మనం ముందు కుడివైపు చూస్తాం, అక్కడ ముందు ఎడమవైపు చూడాలి.

సరే, ఇప్పుడు అసలు విషయంలోకి వస్తాను.

తిరిగొచ్చిన మొదటి నెల. పటమట వైపు డివైడర్ మధ్యలో సందు ఉన్నచోట కుడికి తిరగాలి. ఎదురుగా ఒక కారు వస్తోంది. నేను ఆగాను. అతను హెడ్‌లైట్ రెండుసార్లు కొట్టాడు. అబ్బ, ఎంత మర్యాదస్తుడు అనుకుని ముందుకి కదిలాను. అతను ఆగలేదు సరికదా, ఇంకా వేగంగా వచ్చి, కీచుమని బ్రేకు వేసి, నా తలుపుకి మూరెడు దూరంలో ఆగాడు. అద్దం దించి, "లైటు కొట్టాను కదమ్మా, కనపడలేదా?" అన్నాడు. "లైటు కొట్టారనే కదండీ వచ్చాను!" అన్నాను. అతను నన్ను ఒక వింత జంతువుని చూసినట్టు చూసి వెళ్లిపోయాడు.

తప్పెవరిది? అమెరికాలో అలాంటి చోట ఎదుటి కారువాడు లైటు కొడితే, "మీరు వెళ్లండి, నేను ఆగుతాను" అని. ఇక్కడ కొడితే, "నేను వస్తున్నాను, నువ్వు కదలకు" అని. అదే దీపం, అదే మీట, అర్థం తలకిందులు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు, ఏ టెస్టులోనూ అడగరు. అక్కడ ఇంకో అర్థం కూడా ఉంది. ఎదురొచ్చేవాడు ఊరికే లైటు కొట్టి వెళ్లాడంటే, ముందు పోలీసు కారు పొంచి ఉంది, నెమ్మదించు అని. ఇది మన దగ్గరా ఉంది. హెల్మెట్ చెకింగ్ ఉంటే ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా చెయ్యి ఊపి చెబుతారు. ఈ విషయంలో ప్రపంచమంతా ఒక్కటే కుటుంబం. (నవ్వులు)

ఆ రోజు ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను. రెండు దేశాల ట్రాఫిక్ చట్టాలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మనం అనుకున్నంత ఉండదు. తేడా ఎక్కడ ఉందంటే, ఎదుటివాడు ఏం చేస్తాడని మనం లెక్కవేసుకుంటామో అక్కడ. అక్కడ డ్రైవరు గీతని, బోర్డుని చూసి ఎదుటివాడు ఇలాగే చేస్తాడని నమ్మి పోతాడు. ఇక్కడ డ్రైవరు ఎదుటివాడి ముందు చక్రం ఎటు తిరిగి ఉందో చూస్తాడు, ఆటోవాడి భుజం ఎటు వంగిందో చూస్తాడు, బైకు మీద వెనక కూర్చున్నావిడ చెయ్యి చాపిందా లేదా చూస్తాడు. బోర్డు వంక ఎవరూ చూడరు, ఎందుకంటే ఎదుటివాడు దాన్ని చూశాడన్న నమ్మకం లేదు.

దీనికి అక్కడ మంచి ఉదాహరణ నాలుగు వైపులా స్టాప్ బోర్డు ఉండే కూడలి. మీలో అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు చూసే ఉంటారు. సిగ్నల్ ఉండదు, పోలీసు ఉండడు. ఎనిమిది పలకల ఎర్ర బోర్డు ఒక్కటే ఉంటుంది. స్టాప్ బోర్డు మొదట డెట్రాయిట్‌లో 1915లో పెట్టారు. 1954 దాకా అది ఎక్కువగా పసుపు రంగులో ఉండేది, ఆ తర్వాతే అంతటా ఎరుపు చేశారు. రూలు చాలా చిన్నది. ఎవరు ముందు వచ్చి ఆగితే వాళ్లు ముందు వెళ్లాలి. ఇద్దరు ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవాళ్లకి దారి ఇవ్వాలి. ఆగడమంటే నెమ్మదించడం కాదు, చక్రం పూర్తిగా నిలవాలి.

మా అత్తగారు అక్కడికి వచ్చినప్పుడు రాత్రి పదిన్నరకి అలాంటి కూడలిలో ఆగాను. చుట్టూ ఎక్కడా ఒక్క బండి లేదు. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఎవరూ లేరుగా, ఎవరి కోసం ఆగావు?" అన్నారు. నేను "రూలండీ" అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, "పాపం, దేశమంతా ఇలాగే ఆగుతారా?" అని జాలిపడ్డారు. నాకు ఆ ప్రశ్న ఇప్పటికీ ఇష్టం. ఆవిడ దృష్టిలో మనిషి కోసం ఆగడానికి అర్థం ఉంది, రేకు ముక్క కోసం ఆగడానికి లేదు. మన రోడ్ల తీరంతా ఆ ఒక్క మాటలో ఉందనిపిస్తుంది.

అలాగని మనకి రూలు లేదనుకోకండి. సిగ్నలూ పోలీసూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లకి దారి ఇవ్వాలని మన నిబంధనల్లోనూ ఉంది. 1989 నిబంధనల్లో ఉంది, వాటి బదులు 2017లో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లోనూ ఉంది. రౌండ్‌అబౌట్‌లో అప్పటికే లోపల తిరుగుతున్న బండికి దారి ఇవ్వాలనీ ఉంది. ఈ హాల్లో లైసెన్సు ఉన్నవాళ్లు చేతులెత్తండి... చాలామందే ఉన్నారు. ఈ రెండు రూల్సూ ముందే తెలిసినవాళ్లు మాత్రం ఎత్తిన చెయ్యి అలాగే ఉంచండి... చూశారా. మనందరికీ తెలిసిన రూలు ఒక్కటే, ముక్కు ముందు పెట్టినవాడిదే దారి. (నవ్వులు)

లైసెన్సు సంగతి వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. నేను ఇక్కడ టూవీలర్ లైసెన్సు తీసుకున్నప్పుడు పరీక్షంటే ఎనిమిది వేయడమే. కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేస్తే పాస్. మంచి సర్కస్ పరీక్ష, రోడ్డు మీద ఎనిమిది వేయాల్సిన అవసరం నాకు ఇంతవరకు రాలేదు. టెక్సాస్‌లో టెస్టు తీసుకునేవాళ్లు పక్కన కూర్చుని మామూలు వీధుల్లో నడిపిస్తారు. నేను మొదటిసారి ఫెయిలయ్యాను. లేన్ మారేటప్పుడు అద్దంలో చూశాను కానీ తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడలేదు. అద్దంలో కనపడని చోటు ఒకటి ఉంటుంది, అక్కడ ఇంకో కారు ఉండొచ్చు, అందుకని తల తిప్పి తీరాలి. ఆ టెస్టు తీసుకున్నావిడ ఏ కోపమూ లేకుండా, "మీరు బాగానే నడుపుతున్నారు, కానీ చూడటం లేదు" అంది. అప్పుడు రోషం వచ్చింది. తర్వాత హైవే ఎక్కాక ఆ మాట విలువ తెలిసింది. ఇక్కడికి వచ్చి చూస్తే, ఎడమవైపు అద్దం మడిచి నడిపే కార్లు ఎన్నో. విప్పి ఉంచితే బైకులు తగిలి విరుగుతుందట. అదీ నిజమే, నాది ఇప్పటికి రెండుసార్లు విరిగింది.

హారన్ గురించి చెప్పకుండా ఎలా? డల్లాస్‌లో నేను హారన్ కొట్టింది ఏడాదికి రెండు మూడుసార్లు. అక్కడ హారన్ కొడితే తిట్టినట్టే. సిగ్నల్ పచ్చబడ్డాక ముందువాడు ఫోను చూసుకుంటూ ఉంటే, రెండు క్షణాలు ఆగి, చిన్నగా ఒక్కసారి తట్టి, అయినా మనకే సిగ్గేస్తుంది. ఇక్కడ లారీ వెనకాల "సౌండ్ హారన్" అని వాళ్లే రాసి అడుగుతారు. మన హారన్‌కి కోపంతో సంబంధం తక్కువ. "వెనకాల ఉన్నాను", "పక్క నుంచి వస్తున్నాను", "బాబాయ్, ఆ సంచి జారిపోతోంది చూసుకో" ఇవన్నీ దానితోనే చెబుతాం. అద్దాలు మడిచిన దేశంలో హారనే అద్దం. నాకు ఇది పూర్తిగా తప్పని అనిపించదు. కానీ ఎర్ర సిగ్నల్ ఇంకా పచ్చబడకుండానే వెనక నుంచి మోగించేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లు ఏం చెబుతున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. సిగ్నల్‌కి వినపడుతుందనా?

ఇంకోటి, మన దగ్గర కూడలిలో నేరుగా వెళ్లడానికి నాలుగు ఇండికేటర్లూ కలిపి వేస్తారు. అమెరికాలో ఆ నాలుగూ వెలిగాయంటే బండి చెడిపోయింది, లేదా ఏదో ఆపద వచ్చిందని. నేను నేరుగా పోతున్నానని చెప్పడానికి ఏ లైటూ అక్కర్లేదని మా డ్రైవరుకి ఎన్నిసార్లో చెప్పాను. "అందరూ వేస్తున్నారు మేడమ్" అన్నాడు. దానికి జవాబు లేదు.

ఇక స్కూలు బస్సు. అమెరికా రోడ్ల మీద నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, అందుకే కాస్త ఎక్కువసేపు చెబుతాను. పసుపు రంగు స్కూలు బస్సు ఆగి ఎర్ర లైట్లు మెరిసినప్పుడు, పక్కనుంచి ఒక చిన్న స్టాప్ బోర్డు చెయ్యిలా బయటికి వస్తుంది. వెనకాల ఉన్నవాళ్లే కాదు, మధ్యలో డివైడర్ లేకపోతే ఎదురొచ్చేవాళ్లు కూడా ఆగాలి. న్యూయార్క్ రాష్ట్రంలోనైతే డివైడర్ ఉన్నా ఆగాల్సిందే. ఒక పిల్లవాడు దిగి, బూట్ల లేసు ఊడితే కట్టుకుని, రోడ్డు దాటి, ఇంటి గుమ్మం దాకా వెళ్లేవరకు రెండువైపులా కార్లు వరసగా నిలబడి ఉంటాయి. ఎవరూ హారన్ కొట్టరు. దాటేసి వెళ్తే టెక్సాస్‌లో మొదటి తప్పుకే 500 నుంచి 1,250 డాలర్ల దాకా జరిమానా. కానీ నేను చూసినంతలో జనం ఆగేది జరిమానాకి భయపడి కాదు. ఆ లేసు కట్టుకునే పిల్లవాడు ఎవరి పిల్లవాడైనా సరే, ఆ రెండు నిమిషాలు రోడ్డు వాడిదే. ఇక్కడ ఆటోకి రెండువైపులా సంచులు వేలాడేసి, డ్రైవరు పక్కన కూడా ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్లే బళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ ఎర్ర లైట్లే గుర్తొస్తాయి.

పోలీసులు ఆపినప్పుడు ఏం చేయాలన్నది పూర్తిగా వేరే కథ. ఇక్కడ పోలీసు చెయ్యి చూపిస్తే మనం బండి పక్కన పెట్టి, దిగి, కాగితాలు పట్టుకుని ఎస్సైగారి దగ్గరికి నడిచి వెళ్తాం. కార్లోనే కూర్చుంటే పొగరనుకుంటారు. అక్కడ వెనక నుంచి ఎరుపు, నీలం లైట్లు మెరిస్తే కుడివైపు ఆపి, ఇంజన్ ఆపి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగు మీద కనపడేలా పెట్టి కూర్చోవాలి. దిగకూడదు. చెప్పకుండా డాష్‌బోర్డు అరలో చెయ్యి పెట్టకూడదు.

ఒకసారి స్పీడుకి నన్ను ఆపారు. మా మామగారు పక్కన ఉన్నారు. "నువ్వు ఉండమ్మా, నేను మాట్లాడతాను" అని తలుపు తీసి ఒక కాలు బయటపెట్టారు. ఆయన జిల్లాలో ఎంతోమంది ఆఫీసర్లతో మాట్లాడిన మనిషి. వెనక మైకులోంచి, "సార్, లోపల కూర్చోండి!" అని గట్టిగా వినపడింది. నా ప్రాణం పోయినంత పనైంది. ఆ పోలీసుకి మన కార్లో తుపాకీ ఉందో లేదో తెలియదు కదా. ఆ దేశంలో చాలా ఇళ్లలో ఉంటుంది. అందుకని దిగిన మనిషిని చూస్తే అతనికి టెన్షన్, అతని చెయ్యి నడుం మీదకి వెళ్తే మనకి టెన్షన్. మామగారు మాత్రం ఇంటికొచ్చాక, "మర్యాదగా దిగి పలకరిద్దామంటే అరుస్తాడేమిటి" అని రెండు రోజులు బాధపడ్డారు. పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలారా, దయచేసి దిగకండి.

ఆ టికెట్ తర్వాత కథ కూడా చెప్పాలి, ఎందుకంటే క్రమశిక్షణ ఎక్కడ నుంచి వస్తుందో అందులో ఉంది. జరిమానా కట్టేస్తే పోతుంది అనుకున్నాను. స్నేహితురాలు, "కట్టకు, ముందు క్లాసుకి అడుగు" అంది. టెక్సాస్‌లో ఆరు గంటల డ్రైవింగ్ క్లాసు తీసుకుంటే చిన్న తప్పులకి టికెట్ కొట్టేస్తారు, ఏడాదికి ఒకసారి మాత్రమే. ఆ క్లాసులో కూర్చుని ఆరు గంటలు ఎందుకు భరించానంటే, టికెట్ రికార్డులోకి ఎక్కితే ఇన్సూరెన్సు ప్రీమియం పెరుగుతుంది, ఒక్క ఏడాదితో పోదు. జరిమానా ఒక్కసారి కుడుతుంది, ఇన్సూరెన్సు ఏళ్లతరబడి కుడుతూ ఉంటుంది. అక్కడివాళ్లని పుట్టుకతోనే బుద్ధిమంతులని మనవాళ్లు అంటుంటారు. నేను ఒప్పుకోను. వాళ్ల చేత లెక్క కట్టించే ఏర్పాటు ఉంది, అంతే.

మన దగ్గర ఏమైంది? 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి జరిమానాలు బాగా పెంచారు. హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు, లైసెన్సు లేకుండా నడిపితే 5,000, తాగి నడిపితే 10,000, అంబులెన్సుకి దారి ఇవ్వకపోతే 10,000, మైనరు పిల్లాడు బండి నడిపితే తల్లిదండ్రులకి 25,000, పైగా జైలు. కాగితం మీద గట్టి చట్టమే. తర్వాత 2022లో హైదరాబాదులో పేరుకుపోయిన చలాన్లు వసూలు చేయడానికి బైకులకి 75 శాతం తగ్గింపు ఇచ్చారు. జనం ఎగబడి కట్టారు, ఖజానాకి డబ్బొచ్చింది. కానీ బుద్ధిగా వెంటనే కట్టినవాడు ఏమనుకుంటాడు? వచ్చేసారి ఆషాఢం సేల్ దాకా ఆగుదాం అనుకోడూ? 2023 చివర్లో మళ్లీ తగ్గింపు వచ్చింది కూడా. ఆగినవాడే గెలిచాడు. (నవ్వులు, చప్పట్లు)

మన చట్టం మెత్తనిదని మాత్రం అనకండి. ఒక పోలిక చెబుతాను, చాలామంది నమ్మరు. తాగి నడపడానికి మన పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో అది 80. యూటా ఒక్కటే 50కి తగ్గించింది. హెల్మెట్ చూడండి. మన దగ్గర నడిపేవాళ్లకీ వెనక కూర్చున్నవాళ్లకీ తప్పనిసరి. ఇల్లినాయ్, అయోవా, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో మోటార్‌సైకిల్‌కి హెల్మెట్ చట్టమే లేదు. టెక్సాస్‌లో 21 ఏళ్లు దాటి, శిక్షణో హెల్త్ ఇన్సూరెన్సో ఉంటే ఉత్తి తలతో వెళ్లొచ్చు. వేసవిలో గడ్డాలు ఎగరేసుకుంటూ హైవే మీద గుంపుగా పోతుంటారు. న్యూ హాంప్‌షైర్‌లో పెద్దవాళ్లకి సీటు బెల్టు కూడా తప్పనిసరి కాదు. ఆ రాష్ట్రం నినాదమే "స్వేచ్ఛగా బతుకు, లేదా చావు" అని. బెల్టు విషయంలో అక్షరాలా పాటిస్తున్నారు.

అసలు అక్కడ దేశమంతటికీ ఒకే రూల్స్ ఉండవు, ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రమే. ఎర్ర సిగ్నల్ దగ్గర పూర్తిగా ఆగి, చూసుకుని కుడికి తిరగొచ్చన్నది దాదాపు దేశమంతా ఉంది. 1970లలో చమురు కొరత వచ్చినప్పుడు, ఆగి ఉన్న కార్లు పెట్రోలు తగలేస్తున్నాయని అన్ని రాష్ట్రాల చేతా ఒప్పించారు. కానీ న్యూయార్క్ నగరంలో బోర్డు పెట్టి అనుమతిస్తే తప్ప తిరగకూడదు. మన ఫ్రీ లెఫ్ట్ లాంటిదే అనుకుంటారు కానీ ఒక తేడా ఉంది. అక్కడ ముందు ఆగాలి. మన ఫ్రీ లెఫ్ట్‌లో ఎవరైనా ఆగితే వెనకవాళ్లు ఊరుకోరు.

ఇప్పుడు కొన్ని అంకెలు. బోరు కొట్టించను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు, కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం, 1,68,491 మంది. అమెరికాలో అదే ఏడాది 42 వేలకు పైగా. మనవాళ్లు ఈ రెండూ చెప్పి ఆపేస్తారు. జనాభాతో భాగించి చూడండి. లక్షమందికి మన దగ్గర దాదాపు 12 మంది, అక్కడ దాదాపు 13 మంది. అవునండీ, మీరు విన్నది నిజమే. అయితే వాళ్లు తిరిగే దూరం చాలా ఎక్కువ. వాళ్ల బళ్లన్నీ కలిపి ఏడాదికి 3 లక్షల కోట్ల మైళ్లకి పైగా తిరుగుతాయి. పాలు కావాలన్నా కారే. దూరంతో లెక్కేస్తే వాళ్ల రోడ్లు మనకన్నా ఎంతో భద్రం. కానీ కారు లేకుండా బతకలేని ఊళ్లు కట్టుకున్నందుకు వాళ్లూ ప్రాణాలతోనే మూల్యం చెల్లిస్తున్నారు. మేమున్న కాలనీ నుంచి అరమైలు దూరంలో ఉన్న కొట్టుకి నడుద్దామంటే ఫుట్‌పాత్ సగంలో అయిపోయేది. గడ్డిలో నడుస్తుంటే కార్లవాళ్లు ఆపి, "బండి చెడిపోయిందా, సాయం కావాలా?" అని అడిగేవారు.

చనిపోయేది ఎవరన్నది కూడా చూడాలి. అక్కడ ఎక్కువగా కార్లలో ఉన్నవాళ్లు. మన దగ్గర నూటికి 44 మంది టూవీలర్ మీద వెళ్లేవాళ్లు, ఇంకో 20 మంది దాకా నడిచి వెళ్లేవాళ్లు. అంటే రేకు డబ్బా లోపల కూర్చున్న నాలాంటివాళ్లు చేసే తప్పుకి బయట ఉన్నవాళ్లు పోతున్నారు. స్కూటీ నడిపిన రోజుల్లో ఇది నాకు ఒంటికి తెలిసేది. కారు ఎక్కాక మరిచిపోయాను.

రూలు పాటించినందుకు నేను దెబ్బ తిన్న సంగతి ఒకటి చెప్పి ప్రశ్నలకి వస్తాను. బెంజి సర్కిల్ దాటాక జీబ్రా గీతల దగ్గర ఒక పెద్దాయన దాటడానికి నిలబడి ఉన్నారు. అక్కడి అలవాటు కొద్దీ ఆపాను. ఆయన కదల్లేదు. నేను ఎందుకు ఆపానో ఆయనకి అర్థం కాలేదు. నేను వెళ్లమని చెయ్యి ఊపాను, ఆయన నన్నే వెళ్లమని చెయ్యి ఊపారు. ఈ లోపల వెనకాల వస్తున్న ఆటో వచ్చి గుద్దింది. డిక్కీ లోపలికి పోయింది. ఆటో అబ్బాయి ఏడుపు మొహంతో, "ఖాళీ రోడ్డు మీద ఎవరాపుతారు మేడమ్?" అన్నాడు. నిమిషంలో పదిహేనుమంది చేరారు. ఒకాయన నాకు నీళ్లిచ్చాడు, ఒకాయన ట్రాఫిక్ మళ్లించాడు, ముగ్గురు తీర్పు చెప్పారు, తీర్పు నాకు వ్యతిరేకంగానే. (నవ్వులు) డల్లాస్‌లో నాకు టైరు పేలినప్పుడు హైవే పక్కన నలభై నిమిషాలు ఒంటరిగా నిలబడ్డాను. కార్లు రూలు ప్రకారం పక్క లేన్‌లోకి జరిగి, వేగం తగ్గించి మరీ వెళ్లాయి. ఒక్కరూ ఆగలేదు. ఏది నయం అని నన్ను అడగకండి, దెబ్బ తగిలినప్పుడు ఒక మాట, తగలకముందు ఒక మాట చెబుతాను.

ఇక ప్రశ్నలు అడగండి.

(సభలో ఒకరు: మా అబ్బాయి దగ్గరికి మూడు నెలలకి వెళ్తున్నాం. ఇక్కడి లైసెన్సుతో అక్కడ నడపొచ్చా?)

ఏ రాష్ట్రమో చూసుకోవాలండీ. కాలిఫోర్నియాకి చుట్టపుచూపుగా వెళ్తే మీ లైసెన్సు చెల్లుతుంది. కానీ అక్కడే స్థిరపడితే పది రోజుల్లో వాళ్ల లైసెన్సుకి వెళ్లాలి. టెక్సాస్‌లో ఆ గడువు 90 రోజులు. ఇక్కడ ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. దాన్ని అసలు లైసెన్సుతో కలిపి చూపించాలి, అదొక్కటే ఉంటే పనికిరాదు. అన్నిటికన్నా ముందు మీ అబ్బాయి ఇన్సూరెన్సులో మీరు నడపొచ్చో లేదో కనుక్కోండి. అది మరిచిపోయి చిక్కుల్లో పడినవాళ్లు నాకు తెలుసు.

(వెనక వరసలో ఒక పెద్దాయన: నేను ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యానమ్మా. ఆ లైటు సంగతి మీరు సగమే చెప్పారు.)

అయ్యో, చెప్పండి బాబాయిగారూ. ముందుకి రండి, మైకు తీసుకోండి.

(ఆయన: రాత్రిపూట దూరం నుంచి ఒకసారి కొట్టి వదిలితే, "నీ లైటు కళ్లల్లో పడుతోంది, దించు" అని. దగ్గరికొచ్చాక ఆపకుండా కొడుతుంటే, "నేను ఆగను" అని. మనం దారి ఇచ్చాక ఒక్కసారి కొట్టి పోతే, "ఉంటా" అని. అవి మూడూ వేరు. మిమ్మల్ని గుద్దబోయినవాడు ఎన్నిసార్లు కొట్టాడు?)

రెండుసార్లండీ.

(ఆయన: రెండుసార్లు కొట్టి వేగం తగ్గించాడా, పెంచాడా?)

పెంచాడు.

(ఆయన: మరి లైటు చూశారు గానీ స్పీడు చూడలేదు మీరు!) (నవ్వులు, చప్పట్లు)

ఆ టెస్టు తీసుకున్నావిడ కూడా ఇదే అందండీ.